పొద్దున్నే ఇంట్లో టిఫిన్ – మా గ్రూపు అనుభవం

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో బేగంబజార్ గ్రూపు లీడర్ చదివిన ప్రసంగం)



మాకంటే ముందు మాట్లాడినవాళ్లు బ్యాంకు లింకేజీ గురించి, కుట్టు మిషన్ల గురించి, వసూళ్ల గురించి చక్కగా చెప్పారు. మా వంతు వచ్చేసరికి "మేము ఉప్మా గురించి చెప్తాం" అంటే వెనక వరసలో నవ్వు వినబడింది. నవ్వండి, తప్పేం లేదు. మేమూ మొదట నవ్వినవాళ్లమే. కానీ మా కిస్తీ పుస్తకంలో రెండు నెలలు ఎర్ర సిరాతో పడ్డ బాకీ ఎందుకు పడింది అని వెతుక్కుంటూ పోతే, అది పొద్దుటి టిఫిన్ దగ్గర తేలింది. అందుకే ఈ సంగతి పెద్ద సభలో చెప్పాలని మా వాళ్లందరూ పట్టుబట్టారు.

మా బేగంబజార్ మీకందరికీ తెలిసిందే. పెళ్లిళ్లకు ఇత్తడి, స్టీలు సామాను కొనడానికి, పండుగకు కాజూ కిస్మిస్ కొనడానికి అందరూ మా గల్లీలకే వస్తారు. నిజాం అలీ ఖాన్ గారి బేగం హమ్దా బేగం పేరు మీద వెలసిన బజార్ అని పెద్దలు చెప్తారు. ఛత్రి నుంచి ఉస్మాన్‌గంజ్ దాకా ఎటు చూసినా మూటలే. రవ్వ, అటుకులు, పప్పులు, చింతపండు, పల్లీలు, మసాలాలు అన్నీ హోల్‌సేల్. హైదరాబాద్‌లో సగం ఇళ్లకు సరుకు మా దగ్గర నుంచే పోతుందని మేము గొప్పగా చెప్పుకుంటాం. అసలు విచిత్రం ఏందంటే, ఆ మూటల మధ్యనే పొద్దంతా కూర్చుని చింతపండు గింజ తీసే మేము, ఎల్లిపాయ పొట్టు తీసే మేము, డ్రైఫ్రూట్ ప్యాకింగ్ చేసే మేము, పొద్దున పిల్లలకు టిఫిన్ మాత్రం బయట బండి మీద కొనేవాళ్లం.

ఎందుకు కొన్నారు అని అడగొచ్చు. మా గ్రూపులో నలుగురు ఆరు గంటలకే ఇల్లు దాటాలి. దుకాణాలు తెరిచేది పదింటికే అయినా, ఊడ్చి తుడిచే పని అంతకంటే ముందే అయిపోవాలి కదా. ఇద్దరు ఇళ్లల్లో పని చేస్తారు, వాళ్లకు మొదటి ఇల్లు ఆరున్నరకు. నల్లా నీళ్లు వచ్చే టైము కూడా సరిగ్గా అప్పుడే. బిందెలు నింపాలా, పొయ్యి వెలిగించాలా? బిందెలే గెలుస్తాయి. పిల్లల చేతిలో పైసలు పెట్టి "బండి మీద తినిపోండి" అని పరుగెత్తడం. పిల్లలు తిన్నారో, ఆ పైసలతో చిప్స్ ప్యాకెట్ కొన్నారో ఎవరు చూస్తారు?

మా సభ్యురాలు ఒకామె ఉంది. పేరు చెప్పొద్దన్నది, చెప్పం. భర్త హమాలీ పని, ఇద్దరు పిల్లలు. ఎప్పుడూ కిస్తీ తప్పని మనిషి. అట్లాంటిది రెండు నెలలు వరసగా మీటింగుకు వచ్చి తల దించుకుని కూర్చున్నది. గ్రూపులో గుసగుసలు మొదలైనయి. ఒకరు "చీటీ ఎత్తింది" అన్నారు, ఒకరు "భర్త తాగుతున్నడు" అన్నారు. పంచసూత్రాలు గోడ మీద రాసిపెట్టుకున్నాం కదా, సకాలంలో అప్పు చెల్లించాలని. కానీ తోటి ఆడదాన్ని అందరి ముందు నిలబెట్టి అడగడం మాకు చేతకాలేదు. ఇద్దరం వాళ్లింటికి పోయి కూర్చున్నాం.

ఆమె పుస్తకం తీసి లెక్క చెప్పింది. టిఫిన్ ప్లేటు 30 రూపాయలు. నలుగురికి 120. నెలలో 25 రోజులు వేసుకుంటే 3000. ఆమె కిస్తీ 2500. కొడుకుకు రెండు ప్లేట్లు కావాలంటే, చాయ్ కలిపితే, ఇంకా పైనే. మేము ఆ కాగితం చూసి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎందుకంటే మా ఇళ్లల్లోనూ అంతే పోతోంది. ఎవరం రాసుకోలేదు, అంతే తేడా.

ఆ వారంలోనే ఇంకో సంగతి జరిగింది. ఆమె బిడ్డ పదో తరగతి. ప్రార్థన టైములో కళ్లు తిరిగి పడిపోయింది. టీచరమ్మ నీళ్లు చల్లి, బిస్కెట్ పెట్టి, తల్లికి ఫోన్ చేసింది. ఆ పిల్ల అప్పటికి వారం రోజులుగా టిఫిన్ తినడం లేదట. ఎందుకే అంటే, "అమ్మ కిస్తీ కట్టలేదని ఏడుస్తుంటే విన్న, నా 30 మిగిలితే పెడదామని డబ్బాలో వేసిన" అన్నది. డబ్బాలో 210 రూపాయలు ఉన్నయి. ఆ మాట విన్నాక ఇక ఆ నెల మీటింగులో వేరే ఎజెండా నడవలేదు.

మీటింగులో తీర్మానం రాసుకున్నాం: నెల రోజులు పొద్దున ఇంట్లోనే వండాలి, ఖర్చు రాయాలి. తీర్మానం రాయడం తేలిక. మొదటి వారమే చాలామంది వదిలేశారు. ఇంట్లో వంట అనగానే మా మనసులో ఉన్నది ఇడ్లీ, సాంబార్, రెండు చట్నీలు. అవి చేయాలంటే నాలుగింటికి లేవాలి. రాత్రి పదకొండింటికి పడుకునే ఆడది నాలుగింటికి ఎట్ల లేస్తుంది? ఒకామె కోపంగా అన్నది, "మిగిలేది మూడు వేలు, పోయేది నా నిద్ర. ఆ మూడు వేలు నా నిద్ర అమ్ముకొని కడుతున్న" అని. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. అప్పుడే అర్థమైంది, తల్లి ఒక్కతే చేసే టిఫిన్ అయితే ఇది నడవదు. పదిహేను, ఇరవై నిమిషాల్లో అయ్యేది కావాలి, ఇంట్లో ఇంకెవరైనా చేయగలిగేది కావాలి.

అట్లా ఆదివారం వంట మొదలైంది. బస్తీ కమ్యూనిటీ హాలులో ఒక స్టవ్, ఒక కుక్కర్, ఒక మూకుడు, ఒక పెనం. నేర్పేది మేమే, నేర్చుకునేది మా పిల్లలు, మా కొత్త కోడళ్లు, చివరికి ముగ్గురు మొగవాళ్లు కూడా. మొగవాళ్లు మొదటి వారం తలుపు దగ్గర నిలబడ్డారు. రెండో వారం ఉల్లిగడ్డలు కోశారు.

మొదటి వంట ఉప్మా. దాని గురించి కొంచెం ఎక్కువ చెప్తాం, ఎందుకంటే ఎక్కువ తిట్లు తిన్నది అదే. మా గ్రూపులో ఒక చిన్నామె ఉంది, పెళ్లై ఆరు నెలలు, ఇంటర్ చదివింది, పుట్టింట్లో పొయ్యి ముట్టలేదు. ఆమె మొదటిసారి చేసిన ఉప్మా ఉండలు కట్టి గంటెకు అతుక్కుంది. అత్త దాన్ని గిన్నెతో సహా పక్కింటామెకు చూపించిందట. ఆ పిల్ల మా దగ్గరకు వచ్చి "ఉప్మా తప్ప ఏదైనా నేర్పండి అక్కా" అన్నది. మేము ఉప్మానే నేర్పినం.

ఉండలు ఎందుకు కడతాయి? మూడు తప్పులకు. రవ్వ వేయించకపోతే కడతాయి. నీళ్లు తెర్లక ముందే వేస్తే కడతాయి. తెర్లే నీళ్లల్లో ఒక్కసారి గిన్నె బోర్లించినా కడతాయి. ఇంతే రహస్యం. ఒక గ్లాసు బొంబాయి రవ్వను సన్న మంట మీద మంచి వాసన వచ్చేదాకా వేయించి పక్కన పెట్టాలి. ఎర్రగా కావొద్దు. అదే మూకుడులో రెండు చెంచాల నూనె, ఆవాలు, జీలకర్ర, కొంచెం శనగపప్పు, గుప్పెడు పల్లీలు, పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ, కరివేపాకు. ఉల్లిగడ్డ మెత్తబడ్డాక అదే గ్లాసుతో మూడు గ్లాసుల నీళ్లు, ఉప్పు. ఉప్పు సరిపోయిందో లేదో ఇప్పుడే నీళ్లు నాలుక మీద వేసి చూడాలి, నీళ్లు కొంచెం ఉప్పగానే ఉండాలి, రవ్వ పడ్డాక సరిపోతుంది. నీళ్లు బాగా తెర్లినాక మంట తగ్గించి, ఎడమ చేత్తో రవ్వ సన్నగా ధారలాగ పోస్తూ, కుడి చేత్తో కలుపుతూ ఉండాలి. మూత పెట్టి మూడు నిమిషాలు. ముగ్గురికి వస్తుంది.

మేము ఒక కిటుకు పట్టినం. రవ్వను ఆదివారమే కిలో వేయించి, చల్లారినాక డబ్బాలో పోసి పెట్టుకోవడం. పొద్దున సగం పని అయిపోయినట్లే. పైగా వేయించిన రవ్వకు తొందరగా పురుగు పట్టదు. రాత్రే ఉల్లిగడ్డ, మిరపకాయలు కోసి మూత గిన్నెలో పెడితే, పొద్దున పన్నెండు నిమిషాల పని. ఫోన్‌లో టైము పెట్టి చూసినం, ఊరికే చెప్పడం లేదు.

గ్లాసు సంగతి ఒకటి. కొత్తగా వండేవాళ్లు "గ్లాసు అంటే ఏ గ్లాసు?" అని అడుగుతారు. ఏ గ్లాసైనా సరే. రవ్వ దేంతో కొలిచారో నీళ్లు దాంతోనే కొలవండి. మా చిన్నామె స్టీలు గ్లాసుతో రవ్వ పోసి, చాయ్ గ్లాసుతో నీళ్లు పోసేది. మొదటి ఉప్మా కథ అంతా అక్కడే ఉంది. పాపం అత్తకు ఆ సంగతి తెలియదు.

రెండోది అటుకులు. ఇది మాకు నేర్పింది మా గ్రూపులోని మార్వాడీ భాభీ. మేము అటుకులు నీళ్లల్లో నానబోసి, పిండి, ముద్ద చేసి తినేవాళ్లం. భాభీ చూసి "అరే, దీన్ని నానబెట్టకూడదు, కడగాలి" అన్నది. లావు అటుకులు చిల్లుల గిన్నెలో వేసి, నల్లా కింద రెండుసార్లు తడిపి, నీళ్లు కారిపోయేదాకా పక్కన పెట్టాలి. ఐదారు నిమిషాల్లో తమంతట తామే మెత్తబడతాయి. ఈలోపు పోపు: పల్లీలు ముందు వేగాలి, తర్వాత ఆవాలు, మిరపకాయలు, ఉల్లిగడ్డ, పసుపు, ఉప్పు. అటుకులు వేసి, పైనుంచి చేత్తో కొన్ని నీళ్లు చల్లి, మూత పెట్టి రెండు నిమిషాలు. నిమ్మకాయ పొయ్యి ఆపినాకనే పిండాలి, వేడి మీద పిండితే చేదు వస్తుంది. భాభీ వాళ్లింట్లో చిటికెడు చక్కెర వేస్తారు. మాకు నచ్చలేదు, మా పిల్లలకు మాత్రం బాగా నచ్చింది.

నిమ్మకాయ రుచికే కాదు. ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చే ఆశా కార్యకర్త మా ఆడపిల్లలకు చెప్పింది, అటుకుల్లో, పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండే ఐరన్‌ను ఒళ్లు పట్టుకోవాలంటే పులుపు తోడు ఉండాలని, తినంగనే చాయ్ తాగితే ఆ ఐరన్ సగం వృథా అని. మా ఇళ్లల్లో టిఫిన్ ఉన్నా లేకపోయినా చాయ్ ఉంటుంది. చిన్నపిల్లలకు కూడా చాయ్‌లో బిస్కెట్ ముంచి ఇచ్చి అదే టిఫిన్ అనుకునేవాళ్లం. ఇప్పుడు చాయ్ మానేయలేదు, అబద్ధం చెప్పం. తిన్న గంట తర్వాత తాగుతున్నాం. గంట కాకపోతే అరగంట.

మూడోది శనగపిండి అట్టు. పప్పు నానబోయనక్కర లేదు, రుబ్బనక్కర లేదు. గ్లాసు శనగపిండిలో వాము, పసుపు, ఉప్పు, సన్నగా కోసిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, ఉంటే టమాట. నీళ్లు ఒకేసారి పోస్తే దీంట్లోనూ ఉండలే. కొంచెం పోసి గట్టిగా కలిపి, ఆ తర్వాత పలచన చేయాలి, దోసె పిండి మాదిరి. పెనం బాగా కాలాలి. మొదటి అట్టు ఎవరికైనా విరుగుతుంది, దాన్ని చేసినవాళ్లే నోట్లో వేసుకోవాలి, ఇంకెవరికీ చూపించవద్దు.

నాలుగోదాని గురించి చెప్పేటప్పుడు మా పాతబస్తీ వైపు అక్కలు ఒప్పుకోవాలి, కిచిడీ ఖట్టా. హైదరాబాద్‌లో ముస్లిం ఇళ్లల్లో పొద్దుటి పూట తినే వంట అది. కొందరు పక్కన ఖీమా పెట్టుకుంటారు. మాకు రోజూ ఖీమా ఎక్కడిది, ఖట్టాతోనే తింటాం. మా గ్రూపులో ఇద్దరు ముస్లిం అక్కలు ఉన్నారు, వాళ్లే దగ్గరుండి చేయించారు. గ్లాసు బియ్యం, అర గ్లాసు మసూర్ పప్పు కడిగి పెట్టుకోవాలి. కుక్కర్‌లో నూనె వేసి ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, షాజీర, అల్లం ఎల్లిపాయ ముద్ద, పసుపు, ఉప్పు వేసి, బియ్యం పప్పు వేసి, మూడున్నర గ్లాసుల నీళ్లు. మూడు కూతలు. ఖట్టాకు పొయ్యి ఎక్కువ అవసరం లేదు. రాత్రే నానబెట్టిన చింతపండు పిసికి పలుచగా రసం తీసి, అందులో వేయించిన నువ్వులు, పల్లీల పొడి, పచ్చి ఉల్లిగడ్డ, మిరపకాయ, కొత్తిమీర, ఉప్పు కలిపి, చిన్న పోపు పెడితే అయిపోయింది. ఏడాదంతా చింతపండు గింజ తీసే మా చేతులకు ఇది కొత్త కాదు కదా.

ఈ కిచిడీనే మొగవాళ్లకు అప్పజెప్పినం. ఎందుకంటే కుక్కర్ మూత పెట్టినాక చేసే పని లేదు, కూతలు లెక్కపెట్టాలి, అంతే. కిస్తీ కట్టలేకపోయిన మా సభ్యురాలి భర్త ఇప్పుడు మంగళవారం, శుక్రవారం కిచిడీ చేస్తాడు. మొదటి రోజు ఐదు కూతలు రానిచ్చి ముద్ద చేసిండు. పిల్లలు "నాన్న చేసిన జావ" అని పేరు పెట్టినా తిన్నారు.

చద్దన్నం గురించి చెప్పాలా వద్దా అని ఆలోచించినం. అది పేదరికం గుర్తు అని మా వాళ్లు సిగ్గుపడతారు. ఒకామె వాళ్ల కొడుకు స్కూల్లో "నేను ఇడ్లీ తిన్న" అని అబద్ధం చెప్తాడట. రాత్రి మిగిలిన అన్నం పూర్తిగా చల్లారినాక గోరువెచ్చని పాలు, చెంచా పెరుగు కలిపి మూత పెడితే పొద్దునకు తోడుకుంటుంది. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, మామిడికాయ తొక్కు. ఎండాకాలం మా హమాలీ ఇళ్లల్లో దీనికంటే మంచి తిండి లేదు. పొద్దున వాసన మారినా, జిగురుగా తీగ సాగినా పైసలు చూసుకోకుండా పారేయాలి. అన్నం మిగిలింది కొంచెమే అయితే పోపు వేసి నిమ్మకాయ పిండితే పులిహోర, దానికి ఎవరూ సిగ్గుపడరు. అదే అన్నం, పేరు మారింది.

చిరుధాన్యాల గురించి కూడా అడుగుతున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచి అందరి నోటా అదే మాట. మా నాయనమ్మలు జొన్న రొట్టె, గటక తిన్నవాళ్లే. జొన్న రవ్వ ఉప్మా మేమూ చేసి చూసినం. రవ్వ రాత్రే నానబెట్టకపోతే పొద్దున ఉడకడానికి గ్యాసు, టైము రెండూ ఎక్కువ పడతాయి. వారంలో ఒక రోజు, ఆదివారం, సరే. పరుగుల పొద్దున మాత్రం బొంబాయి రవ్వనే మాకు దిక్కు.

చట్నీ లేకుండా పిల్లలు తినరు అంటారు. పుట్నాలు, పచ్చిమిరపకాయ, రెండు ఎల్లిపాయ రెబ్బలు, కొంచెం చింతపండు, ఉప్పు మిక్సీలో వేసి నీళ్లు పోసి తిప్పితే వేయించే పని లేని చట్నీ. కరెంటు పోయే రోజులకు పల్లీ కారం ఉండనే ఉంది, నెల రోజులు నిలవ ఉంటుంది.

ఇక ఈ కథలో చేదు భాగం కూడా చెప్పకపోతే మా గ్రూపులోనే ఒకరు లేచి అడుగుతారు. మా పన్నెండు మందిలో ఒకామె టిఫిన్ బండి నడుపుతుంది. భర్త లేడు. గ్రూపు లోనుతోనే ఆ బండి కొన్నది, గ్రూపు గ్యారంటీతోనే. మేమందరం "బయట కొనొద్దు" అని తీర్మానం రాస్తుంటే ఆమె మూల కూర్చుని విన్నది. మర్నాడు వచ్చి అడిగింది, "మీరే బండి కొనిపించిన్రు, మీరే కొనొద్దంటున్రు, నేను ఎటు పోవాలె?" అని. మేము ఆ సంగతి ఆలోచించనే లేదు. చాలా సిగ్గనిపించింది.

మూడు మీటింగులు దాని మీదే నడిచినయి. ఆమే ఒక దారి చెప్పింది. ఇడ్లీ, దోసె పిండి రుబ్బడం మాకు కుదరని పని, ఆమెకు గ్రైండర్ ఉంది. సాయంత్రం ఐదింటికి కిలో లెక్కన పిండి అమ్ముతుంది. ఒక పాలు మినపపప్పు, రెండు పాళ్లు ఇడ్లీ రవ్వ. పప్పు నాలుగైదు గంటలు నానాలి, రుబ్బినాక రాత్రంతా పులియాలి. చలికాలంలో పొంగకపోతే గిన్నెకు దుప్పటి చుట్టి పెట్టండి అని తనే చెప్తుంది. ఇప్పుడు మా బస్తీలో ముప్పై ఇళ్ల దాకా వారానికి రెండు రోజులు ఆమె పిండే కొంటారు. అన్నీ సర్దుకున్నాయని మాత్రం చెప్పలేం. పొద్దుటి బండి గిరాకీ ఆమెకు కొంత తగ్గింది. లారీ దించే హమాలీలు, దుకాణాల్లో పని చేసే బయటి ఊరి పిల్లలు ఉన్నారు కాబట్టి బండి నడుస్తోంది. మొన్న చలికాలంలో ఆమె కిస్తీ ఒకటి ఆలస్యమైతే మా పొదుపులోంచి సర్దినం. అది మేము చేసిన సాయం కాదు, మేము పెట్టిన నష్టంలో మా వాటా.

పిల్లలతో వంట చేయించడం గురించి కొందరు తల్లులు భయపడ్డారు. ఆ భయం సరైనదే. మేము రాసుకున్న నియమాలు ఇవి. పన్నెండేళ్లు నిండని పిల్లలు పొయ్యి ముట్టుకోకూడదు, తడపడం, కలపడం, నిమ్మకాయ పిండడం వాళ్ల పని. కుక్కర్ మూత పెద్దవాళ్లే తీయాలి, ఆవిరి పూర్తిగా పోయినాకనే. పొయ్యి ముందు చున్నీ వేలాడకూడదు. సిలిండర్ రెగ్యులేటర్ రాత్రి పడుకునే ముందు ఆపాలి. గ్యాసు వాసన వస్తే లైటు స్విచ్ ముట్టుకోకుండా తలుపులు తీయాలి. మా ఇళ్లు ఒకే గది ఇళ్లు, సిలిండర్ పక్కనే పడుకుంటాం, అందుకని ఇవన్నీ ఆదివారం ఆదివారం అప్పజెప్పించుకుంటాం. ఇంతవరకు ఒక వేలు కాలింది, అది కూడా పిల్లలది కాదు, మా లీడర్‌ది.

"ఆడపిల్లలకే నేర్పుతున్నారా?" అని పోయినసారి బ్యాంకు మేడం అడిగారు. లేదు మేడం. ఆదివారం వచ్చే పదకొండు మంది పిల్లల్లో ఐదుగురు మొగపిల్లలు. వాళ్లలో ఎనిమిదో తరగతి పిల్లగాడు ఒకడు అటుకులు మాకంటే బాగా చేస్తాడు. వాళ్లమ్మ ఆరున్నర ఇంటికి పనికి పోతుంది, వాడు చెల్లెకు పెట్టి, జడ వేయలేడు కాబట్టి జడకు మాత్రం పక్కింటికి పంపి, బడికి పోతాడు. వాడిని వాళ్ల మేనమామ ఎగతాళి చేసిండట, "ఆడపిల్లవా" అని. వాడు ఆ మేనమామకే ప్లేటు పెట్టిండు.

లెక్కలు అడుగుతారు, చెప్తాం. నలుగురికి ఉప్మా, పల్లీ కారం, గ్యాసు కలుపుకొని మా పుస్తకాల్లో 40 రూపాయలు దాటలేదు. కిచిడీ ఖట్టాకు ఇంకో పది ఎక్కువ. మేము సరుకు గ్రూపుగా కలిసి తెస్తాం, రవ్వ, అటుకులు, పల్లీలు మూట లెక్కన. మేము పని చేసే దుకాణంలోనే హోల్‌సేల్ ధర అడిగితే సేఠ్ మొదట "మీరెప్పుడు కొనేవాళ్లయిన్రు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, ఇచ్చాడు కూడా. మూట విప్పి పన్నెండు వాటాలు వేసేటప్పుడు కాంటా దగ్గర పోట్లాటలు ఉంటాయి, అవి రిపోర్టులో రాయలేదు.

ఎర్ర సిరా బాకీ నాలుగో నెలకు తీరింది. అందరూ నిలబడ్డారని కూడా అనుకోవద్దు. పన్నెండు మందిలో ఎనిమిది మంది ఇంట్లో రోజూ వండుతున్నారు, ఇద్దరు వారంలో మూడు రోజులు, ఒకామె ఇప్పటికీ కొంటుంది. ఆమెకు పొద్దున నాలుగు ఇళ్ల పని, ఇంట్లో మంచం పట్టిన మామగారు. ఆమెను ఏమనాలో మాకు తెలియదు, ఏమీ అనడం లేదు. ఆమె వాటా అటుకులు ఆమెకు ఇస్తున్నాం. పన్నెండో ఆమె బండి అక్క.

ఆ పదో తరగతి పిల్ల పరీక్షలు రాసింది. పరీక్షలు జరిగినన్ని రోజులు వాళ్ల నాన్న పొద్దున కిచిడీ కాదు, ఉప్మా నేర్చుకుని చేసిండు, కిచిడీ తింటే పరీక్షలో నిద్ర వస్తుందని ఆ పిల్ల అన్నదట. డబ్బాలోని 210 రూపాయలు మాత్రం తల్లి తీసుకోలేదు. ఆ పిల్ల పేరు మీద పొదుపులో వేయమని మాకు ఇచ్చింది, వేసినం.

వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మా కమ్యూనిటీ హాలులో మళ్లీ వంట ఉంది. పెసరట్టు చేస్తున్నాం, పెసలు శనివారం రాత్రే నానబోస్తాం. ఏ గ్రూపు నుంచైనా రావచ్చు, కోడళ్లను, కొడుకులను పంపండి. ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకోండి, ఇంట్లో రోజూ కొలిచే గ్లాసే తేవాలి.